సోడా పొట్లం విప్పేముందు

ముందుమాటలు రాయడం నాకు కొత్త కాదు. రిటైరైన పశువైద్యుడి ఇంటికి పెన్షన్ కాగితాల తర్వాత ఎక్కువగా వచ్చేవి ముందుమాట అడిగే ఉత్తరాలే. పాడి మీద, పచ్చగడ్డి మీద, కోళ్ళ మీద వచ్చిన పుస్తకాలకు రాశాను. వాటిలో కొన్నింటికి పూర్తిగా చదవకుండానే రాశానని ఈ వయసులో ఒప్పుకుంటే పోయేదేమీ లేదు. ఈ పుస్తకాన్ని మాత్రం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. మార్జిన్లలో నేను గీసిన గీతలు చూసి రచయిత్రి భయపడిందట. అందులో సగం మెచ్చుకోలు గీతలేనని ఇక్కడ రాసిస్తున్నాను.

అజీర్తో, పారుడో పట్టిన గొర్రె రక్తంలో ఆమ్లం పెరిగిందా లేదా, పెరిగితే ఎక్కడినుంచి వచ్చింది, ఎంత వచ్చింది? పుస్తకమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే. రాస్తున్నానని ఈ అమ్మాయి మొదట చెప్పినప్పుడు, "ఇది కరపత్రానికి సరిపోయే విషయం కదమ్మా, పుస్తకం దేనికి?" అన్నాను. "కరపత్రాలు చదివే కదా సర్, మనమంతా కడుపుబ్బిన ప్రతి జీవానికీ వంటసోడా పోస్తున్నాం" అంది. నేను మాట మార్చి కాఫీ తెప్పించాను.

మాట మార్చడానికి కారణముంది. 1980ల మొదట్లో, ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. రాయలసీమలో ఒక ఊరినుంచి తెల్లారేసరికి కబురొచ్చింది. పొలంలో మంద ఆపారు. బావిగట్టు తొట్టిలో నీళ్ళు తాగిన జీవాలు అరగంట తిరక్కుండా పడిపోతున్నాయి. నేను వెళ్ళేసరికే నాలుగు పోయాయి. మిగిలినవాటికి ఎడమ డొక్కలు తప్పెటల్లా బిగిసిపోయాయి. నోట నురగ, ఒళ్ళంతా వణుకు. అవి కల్లాల రోజులు. కడుపుబ్బిందంటే గింజలు మేసిందని, గింజలు మేసిందంటే సోడా పొయ్యాలని నా లెక్క. బకెట్లో సోడా కలిపి సీసాలతో పోయించాను. పోసినవి పోసినట్టే కాళ్ళు చాపాయి. మొత్తం పదకొండు. మా కాంపౌండరు నాకంటే పాతికేళ్ళు పెద్దవాడు. చచ్చినదాని డొక్క కోసి, మొహం పక్కకు తిప్పుకుని, "సారూ, కళ్ళు మండుతున్నాయి, ఒకసారి ఇట్లా రండి" అన్నాడు. అమ్మోనియా ఘాటు. ఆ తొట్టిలో ముందురోజు సాయంత్రం పైరు మీద చల్లడానికి యూరియా కలిపారట. మిగిలిన నీళ్ళు అట్లాగే వదిలేశారు.

యూరియా విషంలో పెద్దపొట్ట పులవదు, క్షారం వైపు పోతుంది. పీహెచ్ 8 దగ్గరికి చేరుతుంది. దానికి పట్టాల్సింది చల్లటి నీళ్ళు, వెనిగర్. సోడా పడితే ఆ క్షారం ఇంకా పెరిగి అమ్మోనియా మరింత వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది. అంటే ఆరోజు నేను వైద్యం చేయలేదు, విషానికి తోడు వెళ్ళాను. కాపరి నన్ను ఒక్క మాటా అనలేదు. పదకొండింటినీ పూడ్చడానికి గొయ్యి ఎంత లోతు తవ్వాలి సారూ అని అడిగాడు, అంతే. ఆ పూట నా సంచిలో రెండు వేళ్ళంత పీహెచ్ కాగితం ఉండి ఉంటే, దాని మీద తేలిన రంగు చూసి సీసా కింద పెట్టేసేవాణ్ణి. ఈ పుస్తకం మొదటి అధ్యాయం ఆ కాగితంతోనే మొదలవుతుంది. అందుకే దీన్ని రెండుసార్లు చదివాను.

పీహెచ్ అన్న కొలత పుట్టింది ఆసుపత్రిలో కాదు, బీరు కంపెనీ ప్రయోగశాలలో. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సన్ దాన్ని రూపొందించాడు. గొర్రె పెద్దపొట్ట కూడా ఒక పులియబెట్టే పీపాయే కాబట్టి ఆ కొలత సరైన చోటికే చేరింది. అదే ఊళ్ళో పనిచేసిన హాసెల్‌బాల్క్, అమెరికాలో హెండర్సన్ 1908లో రాసిన ఆమ్లక్షారాల సమీకరణాన్ని 1916లో లాగరిథమ్‌ల్లోకి మార్చాడు. లాగరిథమ్ అనగానే పుస్తకం మూసేసేవాళ్ళ కోసం ఈ అమ్మాయి ఒక పని చేసింది. సమీకరణం జోలికి పోయే ముందే ఆ అంకెల లోపల ఏముందో చూపించింది. రక్తం పీహెచ్ 7.4 నుంచి 7.1కి దిగిందంటే మన కంటికి 0.3 తేడా. లోపల మాత్రం ఆమ్లం రెట్టింపైంది. పెద్దపొట్టలో 6.5 కాస్తా 4.5 అయిందంటే నూరు రెట్లు. ఈ సంగతి నాకు కాలేజీలో ఎవరూ ఇట్లా చెప్పలేదు. సమీకరణం మాత్రం కంఠతా పట్టించారు.

గింజలు మేసిన గొర్రెలో జరిగేదాన్ని కూడా ఆమె మన వంటింట్లోంచే చెప్పింది. గడ్డికి అలవాటుపడ్డ కడుపులోకి ఒక్కసారిగా బియ్యమో, జొన్నలో, మక్కలో పడితే అందులోని పిండిపదార్థం మీద స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే సూక్ష్మజీవి విందుకు కూర్చుంటుంది. లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. పీహెచ్ 5.5 దాటి కిందికి జారుతుంటే గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు ఒక్కొక్కటే చస్తాయి. 5 కిందికి పోయాక ఆ పులుపులోనే సుఖంగా బతికే లాక్టోబాసిల్లై రాజ్యమేలుతాయి, ఇంకా ఆమ్లం చేస్తాయి. జాడీలో ఉప్పు మామిడి ముక్కల్లోంచి నీరు లాగినట్టు, పెద్దపొట్టలో చిక్కబడ్డ ఆ సరుకు రక్తంలోంచి నీరు లాగుతుంది. కడుపు కుండలా తొణుకుతుంటే కళ్ళు గుంటలు పడతాయి. ఇంత నీళ్ళ కడుపుతో ఉన్న జీవానికి ఒంట్లో నీరు లేదంటే కాపరి నమ్మడు. నమ్మించడానికి మెడ మీద చర్మం పట్టి లాగి, అది వెనక్కి వెళ్ళకుండా గుడారంలా నిలబడిపోవడం చూపించాలి. ఎంత గింజ ప్రమాదం అన్నదానికి పాఠ్యపుస్తకాల లెక్క ఒకటుంది. చిక్కిపోయిన గొర్రెకు నలగ్గొట్టిన గోధుమలు కిలో ఒంటి బరువుకు 50, 60 గ్రాములు చాలు. బలంగా ఉన్నదైతే 75, 80 దాకా తట్టుకుంటుంది. పాతిక కిలోల బక్క గొర్రెకు అది కిలోన్నర లోపే. పెళ్ళిపందిరి వెనక పారబోసిన అన్నం గుట్ట దగ్గర ఆ మేర దాటడం ఎంతసేపటి పని?

పెళ్ళి మాట ఊరికే అనలేదు. పోయిన మాఘమాసంలో ఈ అమ్మాయి పనిచేసే పాలమూరు వైపు వెళ్ళినప్పుడు, చూద్దాం రమ్మని ఒక మందకు తీసుకెళ్ళింది. ఫంక్షన్ హాలు వెనక బంతుల్లో మిగిలిన అన్నం మధ్యాహ్నం మేశాయట. మర్నాడు పొద్దున ఏడు జీవాలు మందలో కలవకుండా నిలబడిపోయాయి. దక్కనీ గొర్రెలు, నల్లటి ఉన్ని. ఆమె సంచిలోంచి ముందు తీసింది సిరంజి కాదు, చేతి గడియారం. ఒక గొర్రె పక్కన గొంతుక్కూర్చుని డొక్క లేచి పడడాన్ని నిమిషం పాటు లెక్కపెట్టింది. లెక్కతో పాటు లోతు కూడా చూడాలంటుంది. మే నెలలో మన గొర్రెలన్నీ ఎండకు నోరు తెరిచి ఒగరుస్తూనే ఉంటాయి. ఆ ఒగర్పు పైపైనే ఉంటుంది. ఆమ్లం పెరిగిన గొర్రె ఊపిరి డొక్క అడుగునుంచి వస్తుంది, కొలిమి తిత్తిలా. రక్తంలో కూడిన ఆమ్లాన్ని బొగ్గుపులుసు గాలి రూపంలో బయటికి నెట్టడానికి ఆ జీవం పడే పాటు అది. మాఘంలో, చలిపొద్దున, నీడలో నిలబడ్డ గొర్రె అట్లా ఊపిరి తీస్తోందంటే ఎండ మీదికి నెట్టే వీలు లేదు.

తర్వాత పిడికిలి బిగించి ఎడమ డొక్కలోకి నెట్టి వదిలింది. లోపల బిందెడు నీళ్ళు తొణికిన చప్పుడు. నాకు మూడడుగుల దూరానికి వినిపించింది. డొక్క కింది భాగంలో ఉన్ని కత్తిరించి, స్పిరిట్ పూసి, పొడవాటి సూదితో కడుపు రసం లాగింది. పాలు కలిపిన బూడిదలాంటి రంగు. తరవాణి కుండ మూత తీసినట్టు వాసన. నేనైతే అక్కడే ఆగి రోగం పేరు చెప్పేసేవాణ్ణి. ఆమె వాసన గురించి ఒక్క మాటా అనకుండా చుక్కను కాగితం మీద వేసింది. పసుపు కాగితం నారింజ రంగుకు తిరిగింది. డబ్బా మీది రంగుల పక్కన పెట్టి నాకు చూపించింది. 4కూ 5కూ మధ్య. మరో చుక్కను అరచేతిలో వెచ్చబెట్టిన గాజుపలక మీద వేసి, బండిలోని మైక్రోస్కోపులో చూడమంది. పలక చల్లగా ఉంటే బతికున్న ప్రోటోజోవాలు కూడా బిగుసుకుపోయి చచ్చినట్టు కనిపిస్తాయట. అందుకని అరచెయ్యి. ఆరోగ్యంగా ఉన్న గొర్రె కడుపు చుక్కలో సంత కనిపిస్తుంది. అటూ ఇటూ తోసుకుంటూ వందల జీవులు. ఈ చుక్కలో బంద్‌నాటి బజారు.

మిథిలీన్ బ్లూ పరీక్ష కూడా అక్కడే చేసింది. 20 మిల్లీలీటర్ల కడుపు రసంలో 0.03 శాతం మిథిలీన్ బ్లూ ఒక మిల్లీలీటరు కలిపితే, మంచి కడుపు ఆ నీలాన్ని 3 నుంచి 6 నిమిషాల్లో విరగ్గొడుతుంది. మా సీసాలో నీలం పావుగంటైనా అట్లాగే ఉంది. కాపరి ముసలాయన ఆ సీసాను చాలాసేపు చూసి, "మంచిదాని కడుపు నీళ్ళల్ల గూడ పోసి సూపియ్యి బిడ్డా" అన్నాడు. కంట్రోల్ శాంపిల్ అడిగాడన్నమాట. విశ్వవిద్యాలయంలో పీజీ పిల్లలు మర్చిపోయేది ఆయన అడిగాడు. చేసి చూపించింది. ఐదో నిమిషానికి నీలం పోయింది. ముసలాయన ఏమీ అనకుండా వెళ్ళి, మిగతా జీవాలను అన్నం గుట్టవైపు పోకుండా ముళ్ళకంప అడ్డం వేశాడు.

పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన అధ్యాయం మూత్రం మీద రాసింది. గడ్డి తినే జీవం మూత్రం మామూలుగా క్షారమే, 8 దరిదాపుల్లో ఉంటుంది. రక్తంలో ఆమ్లం పెరిగితే మూత్రపిండాలు దాన్ని బయటికి తోస్తాయి గనక మూత్రం 6కో అంతకన్నా కిందికో దిగుతుంది. ఇంత చౌక పరీక్ష ఇంకొకటి లేదు. గొర్రెచేత అడిగినప్పుడు పోయించడమే కష్టం. పాత పద్ధతి ఒకటుంది. ముక్కుపుటాలు, నోరు చేత్తో అర నిమిషం మూసి పట్టుకుంటే ఊపిరాడక గింజుకుని ఆడ గొర్రె పోసేస్తుంది. మేమంతా అట్లాగే నేర్చుకున్నాం. ఆమె ఆ పద్ధతి రాసి, కిందనే లావు అక్షరాల్లో ఒక నిషేధం రాసింది. ఊపిరి కోసమే కొట్టుకుంటున్న గొర్రె ముక్కు మూయవద్దు. ఊపిరితో ఆమ్లాన్ని బయటికి తోసుకుంటూ బతుకుతున్నదానికి ఆ ఒక్క దారీ మూస్తే పరీక్ష పూర్తవుతుంది, గొర్రె మిగలదు. అటువంటిది పడుకుని ఉన్నప్పుడు గ్లాసు సిద్ధంగా పట్టుకుని మెల్లగా లేపండి, లేవగానే పోస్తుంది అంటుంది. నలభై ఏళ్ళ సర్వీసులో ఈ ముక్క నాకు తట్టలేదు. మార్జిన్‌లో రెండు గీతలు గీశాను.

ఆ వెంటనే ఆమె తన చౌక పరీక్షకు తనే అడ్డు చెబుతుంది. అందుకే ఈమె శాస్త్రకారిణి, నేను వట్టి ప్రాక్టీషనర్ని. పట్టణాల అంచుల్లో తిరిగే గొర్రెల కడుపుల్లో ఇప్పుడు ప్లాస్టిక్ సంచులు ముద్దలు ముద్దలుగా దొరుకుతున్నాయి. ఆ ముద్ద పెద్దపొట్టలోనే ఉంటే ఒక కథ. నాలుగో పొట్ట దాటి పేగు మొదట్లో అడ్డం పడితే వేరే కథ. నాలుగో పొట్టలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం కిందికి పోలేక వెనక్కి, పెద్దపొట్టలోకి పొర్లుతుంది. రక్తంలో క్లోరైడ్ తరిగిపోతుంది, రక్తం క్షారమవుతుంది. ఈ గొర్రె కూడా మేత మానేస్తుంది, దీని డొక్క కూడా తొణుకుతుంది, దీని కళ్ళూ గుంటలు పడతాయి. విచిత్రమేమంటే, కొన్నాళ్ళకు దీని మూత్రం కూడా ఆమ్లమవుతుంది. ఒంట్లో పొటాషియం, క్లోరైడ్ కరువైనప్పుడు మూత్రపిండాలు సోడియంను దాచుకోవడానికి ఆమ్లాన్ని బలిపెడతాయి. కాగితం ఆమ్లం అంటుంది, రక్తం క్షారమని చెబుతుంది. కాగితాన్ని నమ్మి సోడా ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఈ చిక్కు విప్పే దారి కూడా ఆమె చూపించింది. పెద్దపొట్ట రసంలో క్లోరైడ్ కొలవండి, లీటరుకు 30 మిల్లీమోల్స్ దాటితే అడ్డం కింద ఉందని అనుమానించండి, ఇంతకీ ఆ గొర్రె నిన్న ఏం మేసిందో కాపరిని మళ్ళీ అడగండి.

"మళ్ళీ అడగండి" అన్న మాట ఈ పుస్తకంలో చాలాచోట్ల వస్తుంది. ఎన్నిసార్లో లెక్కపెడదామనుకుని మానేశాను.

చూడి గొర్రెల సంగతి కూడా అట్లాంటిదే. ఈనడానికి నెల ఉందనగా, కడుపులో కవలలున్న గొర్రె మేత మానేసి, మందకు వెనకబడి, గోడకు తల ఆనించి నిలబడితే మన వాళ్ళు అజీర్తి అంటారు. దాని రక్తంలోనూ ఆమ్లం పెరిగే ఉంటుంది. కానీ అది కీటోన్ల ఆమ్లం. పిల్లలకు చాలినంత చక్కెర దొరక్క తన కొవ్వు తనే కరిగించుకోవడం వల్ల వచ్చింది. మనుషుల చక్కెర వ్యాధికి వాడే కీటోన్ మీటరులోనే చుక్క రక్తం వేసి బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ లీటరుకు 3 మిల్లీమోల్స్ దాటిందేమో చూడవచ్చు. ఒక గొర్రె గింజ ఎక్కువై పడిపోయింది, ఇంకొకటి గింజ చాలక పడిపోయింది. రెండింటి రక్తమూ పులిసింది. కాపరి రెంటినీ ఒకే బండిలో వేసుకుని దవాఖానాకు తెస్తాడు. ఒకదానికి ఆపాల్సింది రెండోదానికి పెట్టాలి.

లేత పిల్లల పారుడు మీద అధ్యాయం చిన్నది, ఇంకొంచెం రాసి ఉండాల్సింది. పారే పిల్లలో బైకార్బనేట్ పేగు వెంట నేరుగా బయటికి పోతుంది, లోపల క్లోరైడ్ మిగులుతుంది. దీన్ని గింజ మేసిన గొర్రెనుంచి లెక్కతో విడదీయవచ్చని ఆమె చూపించిన తీరు బాగుంది. సోడియం, పొటాషియం కూడి, అందులోంచి క్లోరైడ్, బైకార్బనేట్ తీసేయాలి. మిగిలేదాన్ని ఆనయాన్ గ్యాప్ అంటారు. గొర్రెలో ఇరవై అటూ ఇటూ మామూలు. రెండు జీవాల్లోనూ బైకార్బనేట్ 10కి పడిపోయిందనుకుందాం. గింజ మేసినదానిలో సోడియం 145, పొటాషియం 5, క్లోరైడ్ 103 అయితే గ్యాప్ 37. బయటినుంచి వచ్చి కూర్చున్న ఆమ్లం ఉందన్నమాట. పారే పిల్లలో 138, 6, 116 అయితే గ్యాప్ 18. కొత్త ఆమ్లం రాలేదు, ఉన్న క్షారం పోయింది. కిరాణా కొట్టు లెక్క ఇది. దీనికి రక్తవాయువుల యంత్రం కూడా తప్పనిసరి కాదు, మామూలు ల్యాబులో నాలుగు అంకెలు చాలు. నీరు బాగా పోయిన పిల్లలో ఈ రెండూ కలిసి రావచ్చని కూడా హెచ్చరించింది.

లాక్టేట్ మీటర్లు కొన్నవాళ్ళు ఆ తర్వాతి పేజీలు తప్పక చదవాలి. గొర్రె కడుపులో పుట్టే లాక్టిక్ ఆమ్లం రెండు రకాలు, కుడి ఎడమ చెప్పుల్లా ఒకదానికొకటి అద్దంలో బొమ్మ. ఎల్ రకాన్ని ఒళ్ళు త్వరగా వాడేసుకుంటుంది. డీ రకం మెల్లగా కరుగుతుంది, రక్తంలో పేరుకుపోతుంది, జీవాన్ని కల్లు తాగినట్టు తూలిస్తుంది. ఆటగాళ్ళ కోసం చేసిన ఆ చేతి మీటర్లు ఎల్ రకాన్నే చూస్తాయి. మీటరు అంకె తక్కువ చూపించిందని ధైర్యపడి వెనక్కి వచ్చేస్తే, మిగతా సగం గొర్రె లోపలే ఉంటుంది. ఇది చదివాక నా పాత కేసుల్లో రెండు మూడు రాత్రిపూట గుర్తొస్తున్నాయి.

రక్తం తీసే పద్ధతి మీద ఆమె పెట్టిన శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. మెటబాలిక్ ఆమ్లానికి ధమని రక్తమే కావాలని లేదు, మెడ సిర చాలు. నెల్లూరు గొర్రెకు ఒంటి మీద వెంట్రుకలే గనక సిర చేతికి దొరుకుతుంది, దక్కనీకి ముందు ఉన్ని పక్కకు తీయాలి. సిరంజిలో హెపారిన్ పూత ఉంటే చాలు, మడుగు కట్టకూడదు. అది స్వయంగా ఆమ్లం, పైగా రక్తాన్ని పలుచన చేస్తుంది. గాలిబుడగ ఉంటే వెంటనే బయటికి తోసి మూత పెట్టాలి. లేకపోతే బొగ్గుపులుసు గాలి ఎగిరిపోయి పీహెచ్ లేనిపోని మంచి కబురు చెబుతుంది. ఐసు మీద పెట్టకుండా ఆలస్యం చేస్తే కణాలు చక్కెర తిని లాక్టేట్ చేసి లేనిపోని చెడ్డ కబురు చెబుతాయి. జిల్లా ల్యాబుకు వెళ్ళే ఆర్టీసీ బస్సులో రెండు గంటలు ఊగిన శాంపిల్ మీద వచ్చిన రిపోర్టును అతికించుకుని వైద్యం చేసిన రోజులు మావి.

లెక్క ఎందుకు, అనుభవం చాలదా అనే నా తోటివాళ్ళకు పుస్తకంలోని ఒక ఉదాహరణ. పాతిక కిలోల గొర్రె, క్షారం లోటు లీటరుకు 15 మిల్లీమోల్స్. ఈ రెండింటినీ, పెద్ద జీవానికి వాడే 0.3తో హెచ్చవేస్తే దాదాపు 112 మిల్లీమోల్స్, అంటే 9 గ్రాముల పైచిలుకు సోడియం బైకార్బనేట్. మన మందుల షాపులో దొరికే 7.5 శాతం ఇంజెక్షన్ అయితే 125 మిల్లీలీటర్లు. అందులో సగం పలుచన చేసి ముందు మెల్లగా ఎక్కించి, మళ్ళీ కొలవమంటుంది. ఆ 15 అనే అంకె చూపుకూ, అనుభవానికీ దొరికేది కాదు. నోటి ద్వారా పోసే సోడాకైనా ఒక మేర ఉంది. పులిసిన కడుపులో సోడా పడితే గాలి పుడుతుంది, బజ్జీల పిండిలో పొంగినట్టే. ఉబ్బిన కడుపును మన చేత్తో ఇంకా ఉబ్బించిన కేసులు ఏ రిజిస్టరులోనూ ఉండవు.

ఇక నా పేచీలు. ముందుమాటలో పేచీలు రాయకూడదంటారు. ఆమె రాయమంది.

సూదితో డొక్కలోంచి రసం తీయడమే మేలని ఆమె పట్టు. గొట్టం నోట్లోంచి వేస్తే లాలాజలం కలిసి పీహెచ్ పైకి పోతుందని కారణం. నిజమే. కానీ సూది పోటు వెంట కడుపు పొరకు చీము పట్టిన గొర్రెలను నేను చూశాను. శుభ్రంగా చేయగల చేతులు ఎన్ని ఉన్నాయో మన మండల ఆసుపత్రుల్లో? గొట్టం వేసి, మొదట వచ్చిన గుక్కెడు పారబోసి, తర్వాతది పట్టుకొమ్మని నా సలహా. ఇద్దరమూ మెట్టు దిగలేదు. పుస్తకంలో రెండూ ఉన్నాయి, చదివేవాళ్ళు తమ చేతిని బట్టి ఎంచుకోవచ్చు.

1980లలో స్టీవర్ట్ అనే ఆయన ఆమ్లక్షారాలను బలమైన అయాన్ల తూకంగా చూడమని కొత్త పాఠం చెప్పాడు. దాని మీద ఈమె రాసిన అధ్యాయం నాకు మరీ పొడవనిపించింది. పీజీ విద్యార్థులకు పనికొస్తుంది. మొదటిసారి చదివేవాళ్ళు దాన్ని దాటేసి పోతే పాపం లేదు. చిటుకు రోగాన్ని (ఎంటెరోటాక్సీమియాను) ఈ ఆమ్లపు జబ్బునుంచి, అంటే ఎసిడోసిస్ నుంచి, విడదీసే పట్టిక అరపేజీలో ముగిసింది, అది రెండు పేజీలు కావాలి. గింజ మేశాక హఠాత్తుగా చచ్చిన ప్రతి గొర్రెనూ ఎసిడోసిస్ ఖాతాలో వేస్తే టీకా వేయించాల్సిన మంద మిగిలిపోతుంది. రెండో ముద్రణలో పెంచుతానని మాటిచ్చింది, ఇక్కడ రాస్తే తప్పించుకోలేదని రాస్తున్నాను.

భాష గురించి ఒక మాట. మెటబాలిక్ ఎసిడోసిస్‌కు జీవక్రియాజనిత ఆమ్లాధిక్యం అని అనువాదం చేసినవాళ్ళున్నారు. ఆ మాట పలికేలోపు గొర్రె పోతుంది. ఎసిడిటీ అని కుదిస్తే, "దానికీ గ్యాస్ ట్రబులేనా సారూ, నేను వేసుకునే గోలీ వెయ్యమంటారా" అని కాపరి అడుగుతాడు. నన్ను అడిగారు కూడా. ఈమె ఎసిడోసిస్ అనే మాటను అట్లాగే తెలుగు లిపిలో ఉంచి, కాపరితో మాట్లాడేచోట "రక్తం పులవడం" అని రాసింది. పండితులకు నచ్చకపోవచ్చు. మందల దగ్గర ఒక్కసారికే అర్థమైంది, నేను విన్నాను. పెద్దపొట్ట, డొక్క, నెమరు, పారుడు, చూడి లాంటి మాటలు ఉండగా కొత్తవి ఎందుకు పుట్టించలేదో ఆమెను ఎవరూ అడగనక్కరలేదు.

2019 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు దాదాపు కోటీ 90 లక్షలు, దేశంలోనే మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షలకు పైగా, రెండో స్థానం. ఇన్ని గొర్రెలున్న భాషలో వాటి కడుపు మీద ఇట్లాంటి పుస్తకం రాలేదని మేమెవ్వరమూ సిగ్గుపడలేదు. గొల్ల కురుమల ఇళ్ళనుంచి వచ్చి పశువైద్యం చదువుతున్న పిల్లలు ఇప్పుడు తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో, గన్నవరంలో ఉన్నారు. వాళ్ళ తాతలకు తెలిసిన సగం, కాలేజీలో చెప్పే సగం ఒకచోట కలిసిన పుస్తకం వాళ్ళకు ముందు చేరాలి.

కొన్నవాళ్ళకు నాదొక విన్నపం. దీన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయకండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య బండిలో, మందుల పెట్టె పక్కన, పీహెచ్ కాగితం డబ్బాతో పాటు పెట్టుకోండి. పేజీలకు కడుపు రసం అంటుకుంటే ఏమీ అనుకోనని రచయిత్రి నాతో చెప్పింది. నాకిచ్చిన ప్రతిలో మిథిలీన్ బ్లూ పేజీ మీద పాలమూరు గొర్రె పీహెచ్ కాగితం అంటించిన నారింజ మరక ఇంకా ఉంది.